ఎడమ పాదం నేర్చుకున్న వేసవి

ఆపిల్ పూత రాలిపోయాక, మా ఆడపడుచు కూతురు అక్మారల్ తరాజ్ నుంచి వేసవి గడపడానికి తల్గార్‌లో మా ఇంటికి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేసే ఉద్యోగం. చేతిలో సంచి కింద పెట్టకుండానే తిన్నగా షెడ్డులోకి వెళ్ళింది. మా ఆయన బైకు మీద కప్పిన బొంత ఎత్తి చూసి, మళ్ళీ కప్పేసి, చేతులు కడుక్కుని వచ్చి టీకి కూర్చుంది.

"దుమ్మన్నా దులపలేదేం మావయ్యా?" అంది.

 మా ఆయన బెక్తాస్ ఆ చలికాలమంతా అడిగినవాటికి జవాబు చెప్పడం మానేశాడు. అంతకుముందు శరత్కాలంలో, అతని మెకానిక్ షాపులో ఇంజన్ ఎత్తే గొలుసు జారి, ఎడమ చేతి వేళ్ళు మూడు తీసుకుపోయింది. బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి. ఆ చూపుడువేలు కూడా సగమే వంగుతుంది. గాయం మానింది, షాపు మళ్ళీ తెరిచాడు, పని నడుస్తోంది. చెయ్యి మాత్రం జేబులోకి వెళ్ళిపోయింది. చొక్కా గుండీలు తలుపు వేసుకుని పెట్టుకునేవాడు. సాయం చేస్తానని నేను రెండుసార్లు వెళ్ళి, మూడోసారి వెళ్ళలేదు.

మా ఇళ్ళల్లో అతిథులు వచ్చినప్పుడు మాంసం పళ్ళెం ముందు కూర్చుని కోసిపెట్టడం ఇంటి మగవాడి పని. ఎడమ చేత్తో ఎముక పట్టుకోవాలి, కుడి చేత్తో కొయ్యాలి. నౌరూజ్ పండగనాడు ఆ పని పక్కింటాయన చేశాడు. బెక్తాస్ టీ నీళ్ళు కాగే సమోవార్‌లో బొగ్గులు చూసి వస్తానని పెరట్లోకి వెళ్ళి, అందరూ తినేదాకా రాలేదు. ఆ తర్వాత మేం ఎవరినీ భోజనానికి పిలవలేదు.

బైకు అమ్మేద్దామని అతనే అన్నాడు. అల్మాటీ నుంచి ఒకతను వచ్చి చూసుకుని వెళ్ళాడు కూడా. వేసవిలో వచ్చి పట్టుకుపోతానన్నాడు. అది రోడ్డు మీద తిరిగే బండి కాదు, లైట్లు కూడా లేవు. కప్చగాయ్ దారిలో ఉన్న బళ్ళ పందేల సర్క్యూట్‌లో, రుసుము కట్టినవాళ్ళెవరైనా పొద్దంతా తిరగొచ్చు. పోటీ ఉండదు, బహుమతులు ఉండవు. ట్రాక్ డే అంటారు. ప్రతి వేసవిలోనూ బెక్తాస్ వెళ్ళేవాడు. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. మా అత్తగారిని ఒంటరిగా వదలకూడదని చెప్పేదాన్ని. చూడాలంటే భయమని చెప్పేదాన్ని కాదు.

మా అత్తగారిని ఇంటిల్లిపాదీ అపా అనే పిలుస్తాం. ఆవిడ గిన్నెలోకి నేను టీ పోస్తుంటే, అక్మారల్ మోకాళ్ళ మీద సర్దుకుని కూర్చుంది.

"మావయ్యా, నా మూడోది అడగడానికొచ్చాను."

ఆడపడుచు పిల్లలు తల్లి పుట్టింటివాళ్ళని ఏదైనా అడిగితే మావాళ్ళలో కాదనకూడదు. అలా మూడుసార్లు అడగొచ్చు. అక్మారల్ ఐదేళ్ళప్పుడు ఒక మచ్చల గొర్రెపిల్లని అడిగి తోలుకుపోయింది. కుదిరిన పెళ్ళి చెడిపోయిన ఏడు, అపా చేతి వెండి కడియం అడిగి తీసుకుంది. ఇది మూడోది, ఆఖరిది.

"అడుగు నా తల్లీ," అంది అపా. "ఆ బండేగా. పట్టుకుపో. పీడా పోతుంది."

"బండి నాకెందుకపా, నాకు నడపడం రాదు. మావయ్య దాని మీద ఒక్కరోజు సర్క్యూట్‌లో తిరగాలి. నేను చూడాలి. అదీ నేనడిగేది."

నేను పోస్తున్న టీ గిన్నె నిండిపోయింది. నిండు గిన్నె ఇస్తే ఇక లేచి వెళ్ళమన్నట్టు. గబుక్కున సగం ఒంపేశాను.

"ఇవ్వగలిగింది అడుగు," అన్నాడు బెక్తాస్.

"ఇవ్వలేనిది అడక్కూడదని ఎవరన్నారు?"

"ఎడమ చేతి క్లచ్ ఎవడు పడతాడే? నీ కట్టుడు పళ్ళా?"

అపా ముందు నవ్వింది. తర్వాత అక్మారల్. నాకు నవ్వు రాలేదు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చేదుగానో మరెలాగో, నెలల తర్వాత ఆ నోట ఒక హాస్యం వచ్చింది.

"మీ తాత తన ఆడపడుచు పిల్లాడు అడిగాడని తానెక్కే గుర్రాన్నే ఇచ్చి, శీతాకాలమంతా నడిచాడు," అంది అపా కొడుకుతో. "నువ్వు ఒక్కరోజు ఇవ్వలేవా?"

బెక్తాస్ లేచి వెళ్ళిపోయాడు. కాని కాదనలేదు.

*

క్లచ్ పట్టకుండా గేరు మార్చే పరికరం ఒకటుందట. క్విక్‌షిఫ్టర్ అంటారు. గేరు లివరు కింద ఉండే సన్నటి కడ్డీకి బిగిస్తారు. కాలు కదిలిందని దానికి తెలియగానే, ఇంజన్‌ని క్షణంలో ఎంతో చిన్న ముక్క సేపు ఆపుతుంది. ఆ సందులో గేరు మారిపోతుంది.

"అది నాకు తెలీదా?" అన్నాడు బెక్తాస్. "రెండు చేతులూ ఉన్న బద్ధకస్తులు పెట్టుకుంటారు."

"మీకు ఒకటిన్నరే ఉందిగా. మీకు బద్ధకం కాదు," అంది అక్మారల్.

ఆ చేతి గురించి మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడలేదు అప్పటిదాకా. నేను పిండి పిసుకుతూ ఆగిపోయాను. బెక్తాస్ ఆ పిల్లని ఒకసారి చూసి, "ఏదీ, ఏం రకాలున్నాయో చూపించు," అన్నాడు.

అలా మొదలైంది. జూన్ నెలంతా మా ఇంట్లో టీ వేళ అదే మాట. అక్మారల్ బజారుకెళ్ళి ఒకటి కొనుక్కొచ్చింది. బొటనవేలంత ఉంది. బెక్తాస్ దాన్ని కుడి చేత్తో నాలుగుసార్లు టక్కుటక్కుమనిపించాడు.

"ఇది తలుపు గంట," అన్నాడు. "కాలు తగిలినా మోగుతుంది, తన్నినా మోగుతుంది. మలుపులో ఒరిగి ఉన్నప్పుడు బూటు రాసుకుంటే చాలు, ఇంజన్ ఆగుతుంది. నన్ను ఆసుపత్రిలో చూడాలనుందా నీకు?"

తర్వాత ఫోన్‌లో ఇంకోటి చూపించింది. ఇటలీది. కాలు ఎంత గట్టిగా ఆనుతోందో కొలుస్తుందట. పొరపాటున తగిలిందానికీ, కావాలని తొక్కినదానికీ తేడా తెలుసుకుంటుందట. బెక్తాస్ కళ్ళద్దాలు తెప్పించుకుని చదివాడు. బాగుందన్నాడు. కాని అది వచ్చేసరికి వేసవి అయిపోతుంది. మరొకటి గేరు ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా పనిచేస్తుందని అక్మారల్ ఎగిరి గంతేసింది.

"అది మన బండికి కాదు. దిగేటప్పుడు ఇంజన్ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చాలి. కొత్త బళ్ళల్లో ఆ పని యంత్రమే చేస్తుంది. మనదానికి చేతి పిడి నుంచి తీగ ఉంది. ఆ తీగ లాగేది మనిషే."

"అయితే దిగేటప్పుడు ఎలా?"

"కుడి చెయ్యి ఉందిగా. చెవులున్నాయిగా," అన్నాడు. క్లచ్ లేకుండా, ఇంజన్ మోత విని, సరిగ్గా ఆ చప్పుడు దగ్గర కుడి చేత్తో ఒక్క విసురు విసిరితే గేరు తనంతట తనే జారి పడుతుందట. చెప్పినంత తేలిక కాదన్నాడు.

చలికాలం మొత్తం మీద మాట్లాడినదానికన్నా ఎక్కువ మాట్లాడాడు ఆ పూట. నేను ఊరికే ఉండలేక అడిగాను. "అంత కొంచెంసేపు ఆపితే ఏం లాభం? కంటిరెప్ప కూడా పడదు కదా."

అతను నా కుట్టుమిషను వైపు చూశాడు. లేచి వెళ్ళి, చక్రాన్ని కుడి చేత్తో మెల్లగా తిప్పాడు.

"ఇటు చూడు రౌషన్. సూది గుడ్డలో ఉన్నంతసేపూ గుడ్డ కదలదు. సూది పైకి వచ్చింది, చూశావా? ఇప్పుడే, ఈ కాసింత ఖాళీలోనే, కింద పళ్ళు గుడ్డని ముందుకి తోస్తాయి. మళ్ళీ సూది దిగింది. ఇక కదలదు. గేర్లూ అంతే. బరువు మీద ఉన్నంతసేపూ ఒకదాన్నొకటి వదలవు. ఒక్క రవ్వ వదులు దొరికితే చాలు."

పెళ్ళయినప్పటి నుంచీ ఆ మిషను మీద పరదాలూ బొంతలూ కుడుతున్నాను. సూది లేచాకనే గుడ్డ జరుగుతుందని ఎన్నడూ చూడలేదు. అతను వెళ్ళాక కూర్చుని, చక్రం చేత్తో తిప్పుతూ, ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయాను. నా బతుకంతా ఆ సందుల్లోంచే ముందుకి జరిగినట్టనిపించింది.

*

జూలైలో జుమాగలి వచ్చాడు. బెక్తాస్‌తో కలిసి చదువుకున్నవాడు, ఒకే ఏడు పుట్టినవాడు. మాలో ఒకే ఏడు పుట్టినవాళ్ళు ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపగించుకోకూడదు. సర్క్యూట్‌లో ఎన్నో ఏళ్ళు కలిసి తిరిగారు. ప్రమాదం తర్వాత అతను పలకరించడానికి వస్తే బెక్తాస్ నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. ఈసారి అక్మారల్ ఎలా తెలుసుకుందో, ఏం చెప్పిందో, గేటు దగ్గర నుంచే కేక వినిపించింది.

"ఏరా ఒంటిచేతి ఖాన్! ఉన్నావా, పోయావా?"

 బెక్తాస్ గుమ్మంలోకి వచ్చాడు.

"రెండు చేతులతో నువ్వు పీకిందేంట్రా? ఏనాడైనా నన్ను దాటావా?"

"దాటాను, నువ్వు చూడలేదు. అంత దూరం ముందుండేవాణ్ణి వెనకనుంచి ఎలా చూస్తావు? వదినా, టీ పెట్టు. పాలు ఎక్కువ. వీడి మొహం చూస్తే పాలు విరిగేలా ఉన్నాయి, ముందే పోసెయ్యి."

చాలా నెలల తర్వాత మా బల్ల మీద పెద్ద గుడ్డ పరిచాను. పిండి ముద్దలు చేసి బౌర్సాకులు వేయించాను. టీ అయ్యాక జుమాగలి సంచిలోంచి తెల్లగుడ్డలో చుట్టిన మూట ఒకటి తీశాడు.

"ఇది నా పాత బండిది. బండి అమ్మేశాను. దీన్ని అమ్మలేదు. ఇంతవరకు నన్ను ఒక్కసారీ మోసం చెయ్యలేదు. నీకు తెచ్చాను."

గుడ్డ విప్పాడు. ఒక చిన్న కడ్డీ, దానికి తీగ, అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా. అక్మారల్ ఫోన్‌లో చూపించిన ఇటలీ రకమే. కాలి ఆనికను కొలిచేది.

ఇంటికి తెచ్చిన కానుకను ఒక చేత్తో తీసుకోరు.  బెక్తాస్ జేబులోంచి ఎడమ చెయ్యి తీశాడు. రెండు చేతులూ చాచి అందుకున్నాడు.

జుమాగలి ఆ చేతిని చూడనట్టే బౌర్సాక్ ఒకటి తీసుకుని, "ఉప్పు తక్కువైంది వదినా," అన్నాడు. తక్కువేం కాలేదు.

*

మర్నాడు బండికి బిగించేటప్పుడు తెలిసింది. అక్మారల్ కడ్డీని అటూ ఇటూ లాగి, ఒత్తి, డబ్బాలో వెలిగే చిన్న దీపాన్ని చూస్తూ అంది.

"మావయ్యా, ఇది లాగితేనే వెలుగుతోంది. ఒత్తితే వెలగట్లేదు."

మా బండిలో కాలిని పైకి ఎత్తితే గేరు ఎక్కుతుంది. అప్పుడు ఆ కడ్డీ ఒత్తుకుంటుంది. జుమాగలి బండిలో గేర్లు తిరగేసి ఉంటాయి. పందెం బళ్ళవాళ్ళ పద్ధతి అది, కాలిని కిందికి తొక్కితే గేరు ఎక్కుతుంది. అక్కడ కడ్డీ లాగబడుతుంది. అతనిచ్చింది లాగుడుని మాత్రమే పసిగట్టే రకం. అతను ఎప్పుడూ అలాగే తొక్కాడు కనుక, ప్రపంచంలో అందరూ అలాగే తొక్కుతారనుకున్నాడు.

"ఫోన్ చేసి చెప్పండి, మార్చి ఇస్తాడు," అంది అక్మారల్.

"ఏది మారుస్తాడు? వాడి దగ్గరున్నది ఒక్కటే. అది ఇచ్చాడు."

"పోనీ, దీన్ని దాచుకుని, ఇంకోటి చూద్దాం."

"ఆ రోజు వాడు అక్కడికి రాడా? వచ్చి ముందు చూసేదేంటి?"

పెరట్లో ఎండలో జున్నుండలు ఆరబెడుతున్న అపా తలెత్తకుండానే అంది. "నమ్మి తెచ్చిన మనిషితో, నీది పనికిరాదని ఎలా చెబుతారే?"

బెక్తాస్ బండి పక్కన నేల మీద చతికిలబడి చాలాసేపు చూశాడు. గేరు ఇరుసు చివర చిన్న లోహపు చెయ్యి ఒకటి కిందికి వేలాడుతోంది. దాన్ని ఊడదీసి, పైకి ఉండేలా తిప్పి పెట్టాడు. పానా ఇవ్వమని అక్మారల్ వైపు చెయ్యి చాచాడు.

"మావయ్యా, అలా చేస్తే గేర్లు తలకిందులైపోతాయి."

"అవుతాయి."

"ముప్పై ఏళ్ళ నుంచీ మీరు..."

"నేను కాదు, నా పాదం. నేర్చుకుంటుంది."

నేను అక్మారల్‌ని పక్కకి పిలిచి, మర్చిపోయి పాత అలవాటున కాలు ఎత్తితే ఏమవుతుందని అడిగాను. ఆ పిల్ల చెప్పడానికి వెనకాడింది. బెక్తాసే విని, కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు చెప్పాడు.

"మంచి వేగంలో ఉన్నప్పుడు పై గేరు బదులు కింది గేరు పడుతుంది. వెనక చక్రం పట్టేస్తుంది. బండి ఇటు, నేనటు."

పానా బిగించాడు. మనసులో ఒకటే తిరిగింది నాకు. ఒక స్నేహితుడి మాట పోకూడదని ఒక మనిషి తన కాలి అలవాటునే తిరగేసుకుంటున్నాడు. ఇన్నేళ్ళు నేను ఎవరి పక్కన పడుకున్నాను?

*

ఇక ఇంట్లో ఆ పాదమే పాదం. టీ తాగుతూ తొక్కేవాడు. వార్తలు వింటూ తొక్కేవాడు. తెల్లవారుజామున బొంత కింద ఎడమ పాదం చిన్నగా కిందికి ఒత్తుకోవడం నా కాలికి తెలిసేది. ఒత్తు, ఒత్తు, ఒత్తు. తర్వాత పైకి, పైకి. మలుపు వచ్చిందన్నమాట. నిద్రలో ఏ సర్క్యూట్ తిరుగుతున్నాడో.

"పాలిచ్చే ఆవు కూడా ఇంత కాలు ఆడించదు," అనేది అపా. "గిన్నె తన్నేస్తావు, దూరం జరుగు."

ఆపిల్ తోటల వెనక కాలువ గట్టున మట్టిబాట ఉంది. ఎండెక్కకముందే అక్కడికి తోసుకెళ్ళేవారు. బయల్దేరేటప్పుడు ఒక్కసారి క్లచ్ పట్టాలి, అది ఆ సగం వంగే వేలితో ఎలాగో పట్టేవాడు. అక్మారల్ ఆ నల్లడబ్బా మీదున్న మరను గోటితో తిప్పుతూ ఉండేది. ఇంజన్ ఆగే వ్యవధి ఎక్కువైతే బండికి ఎక్కిళ్ళు వచ్చినట్టయ్యేది. తక్కువైతే గేరు పళ్ళు నూరేది. "పళ్ళ సంగతి నాకొదిలెయ్యండి," అనేది ఆ పిల్ల.

ఒకరోజు ఇద్దరూ బండి తోసుకుంటూ తిరిగొచ్చారు. బెక్తాస్ మోచెయ్యి దోక్కుపోయింది. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. బండిని షెడ్డులో పెట్టి, బొంత కప్పి, తలుపు గొళ్ళెం వేశాడు. కాలు ఎత్తేశాడట. వేగంగా లేడు కనుక గట్టు మీద గడ్డిలో పడ్డాడు.

ఆ వారం షెడ్డు తలుపు తెరుచుకోలేదు. చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళింది. అక్మారల్ నా దగ్గరికొచ్చి, "నేనడక్కుండా ఉండాల్సింది అత్తయ్యా," అంది. నేను ప్యాంటు కుడుతున్నాను. మోకాలి చిరుగు అతికాక అతని ఎడమ బూటు కూడా తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

పాదానికి పైకీ కిందికీ ఒకేలా ఉంది. అదీ దాని కష్టం. నేను గుడ్డ తిరగేసి కుట్టకుండా ఉండాలంటే లోపలివైపు అంచుకి ఒక దారం ముడి వేస్తాను. వేలికి తగలగానే తెలుస్తుంది. పాత కోటుకి ఉన్న కొమ్ము గుండీ ఒకటి తీసి, బూటు లోపల, వేళ్ళ పైభాగంలో, తోలుకి గట్టిగా కుట్టాను. కాలు ఎత్తి లివరుకి ఆనిస్తే గుండీ వేళ్ళకి నొక్కుకుంటుంది. కిందికి తొక్కితే ఏమీ ఉండదు.

బూటు గుమ్మం దగ్గర పెట్టేశాను.  పొద్దున్న షాపుకి వెళ్తూ దాన్ని తొడుక్కుని, ఆగిపోయాడు. పాదం ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

"నొప్పిగా ఉంది," అన్నాడు.

"నొప్పి పెడితే అది దిగే గేరు," అన్నాను.

షాపుకి వెళ్ళలేదు. షెడ్డు గొళ్ళెం తీసిన చప్పుడు వినిపించింది.

*

ఆగస్టు చివర్లో ఆ రోజు వచ్చింది. పక్కింటావిడ అపాకి తోడుగా కూర్చుంది. అపా గుమ్మంలో నిలబడి, కొడుకు తల వంచితే, అరచేతులు తెరిచి దీవెన చెప్పి, చేతులు మొహం మీదుగా దించుకుంది. "ఆ ఇనుప గుర్రానికి కూడా చెప్పాను," అంది. వ్యాన్‌లో బండి ఎక్కించుకుని వెళ్ళాం. అక్మారలే నడిపింది. బెక్తాస్ దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉన్నాడు, పాదం మాత్రం ఆడుతోంది.

నేను మొదటిసారి చూస్తున్నాను ఆ చోటుని. నాలుగువైపులా ఎండిన గడ్డిమైదానం, దూరంగా మంచుకొండలు, మధ్యలో వంకరలు తిరిగిన నల్లటి దారి. జుమాగలి నా పక్కన ఇనుప కంచె దగ్గర నిలబడ్డాడు. తోలు దుస్తుల్లో బెక్తాస్ ఎవరో పరాయి మగవాడిలా, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా కనిపించాడు. ఒక్కసారి క్లచ్ పట్టి కదిలాడు. వెళ్ళిపోయాడు.

మొదట ఏమీ లేదు. మైదానం మీద గాలి. దూరంగా మిగతా బళ్ళ మోతలు. తర్వాత ఆఖరి మలుపులోంచి ఒక చుక్క బయటపడింది.

ఆ చప్పుడు గురించి నేను ఎవరికీ సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడూ చెప్పలేను. మిగతా బళ్ళు గేరు మారినప్పుడల్లా ఊపిరి తీసుకునేవి. పైకి పాడి, ఆగి, మళ్ళీ అందుకునేవి. ఇది ఆగలేదు. ఒక గొంతు లేచి, తెగకుండా ఇంకో మెట్టు ఎక్కి, అక్కడినుంచి ఇంకొకటి. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక చిన్న టప్పు, అంతే. పొడుగాటి గుడ్డని ఒక్క చించుడులో చించినట్టు. నా ముందునుంచి పోయినప్పుడు కంచె వణికింది. నా పక్కటెముకలు వణికాయి. నేను చూసింది పాదాన్నే. అది కిందికి ఒత్తుకుంది. మళ్ళీ కిందికే.

తర్వాత మలుపు. అక్కడ ఏ పరికరమూ సాయం రాదు. చప్పుడు దిగాలి. నేను కంచె పట్టుకున్నాను. ఒక్క అరుపు, కుడి చేతి విసురు. గేరు పడింది. ఇంకో అరుపు, ఇంకొకటి పడింది. మరొకటి. మూడు అరుపులూ ఒకదాని కింద ఒకటి, పిల్లలు మెట్లు దూకినట్టు. బండి ఒరిగింది, అతని మోకాలు నేలని ముట్టుకుంది. నా మొగుడు భూమికి అంత దగ్గరగా, అంత తేలిగ్గా ఉండగా నేను చూడలేదు. భయం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి కొండమీద నుంచి మంచు జారిపడటం చూశాను. అప్పుడూ ఇలాగే నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"వదినా, ఊపిరి పీల్చు," అన్నాడు జుమాగలి. అతని కళ్ళూ తడిగా ఉన్నాయి. "చూశావా, నా యంత్రం ఎలా పాడుతోందో!"

తిరిగొచ్చి హెల్మెట్ తీశాక బెక్తాస్ జుట్టు నెత్తికి అంటుకుపోయింది. అక్మారల్ వెళ్ళి అతని తోలు భుజం మీద తల పెట్టుకుంది.

"ఇచ్చేశానే నీ మూడోది," అన్నాడు. "ఇక మీదట ఏదైనా కావాలంటే కొనుక్కో."

జుమాగలి అప్పటికే తన హెల్మెట్ పట్టుకుని ఉన్నాడు. "ఒరేయ్, ఒక్క చుట్టు ఇవ్వరా. నా దాన్ని నేను పలకరించొద్దూ?"

అక్మారల్ నోరు తెరవబోయింది. బెక్తాస్ కళ్ళతోనే ఆపాడు. జుమాగలి వెళ్ళాడు. గొంతు తెగకుండా ఎక్కింది, దిగింది. ఎక్కడా తడబడలేదు. అతని పాదానికి అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. తిరిగొచ్చి బండి దిగాక మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని బెక్తాస్‌ని తేరిపార చూశాడు.

"దొంగా! గేర్లు తిప్పేశావే! ఇరవై ఏళ్ళ నుంచీ మొత్తుకుంటున్నాను, తొక్కి ఎక్కడమే అసలు పద్ధతి అని. విన్నావా? ఎప్పుడొచ్చింది బుద్ధి?"

"ఈ వేసవిలోనే."

"నా యంత్రం చూశాకా?"

"నీ యంత్రం చూశాకే."

"చూశావా వదినా, వీడికి కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది," అన్నాడు జుమాగలి, ఎంతో తృప్తిగా. నేను తలూపాను. అక్మారల్ నీళ్ళసీసా వెతుక్కుంటూ వ్యాన్ వెనక్కి వెళ్ళిపోయింది. అక్కడినుంచి దగ్గు వినిపించింది, అది దగ్గు కాదు.

సాయంత్రం తిరుగుప్రయాణంలో వ్యాన్ తనే నడుపుతానన్నాడు బెక్తాస్. గేర్లు తనే మార్చుకునే వ్యాన్ అది, కుడి చెయ్యి చాలు. ఎండ వాలి గడ్డి ఎర్రబడింది. వెనక సీటులోంచి అక్మారల్ అడిగింది.

"శుక్రవారం ఆ అల్మాటీ ఆయన వస్తాడుగా మావయ్యా, బండి తీసుకెళ్ళడానికి. ఏం చెబుదాం?"

"రమ్మను. టీ తాగి వెళ్తాడు."

కొంచెం దూరం పోయాక వెనకనుంచి బళ్ళ మోత వచ్చింది. సర్క్యూట్‌కి రోడ్డు బళ్ళ మీద వచ్చినవాళ్ళు ఇళ్ళకి పోతున్నారు. ఒక్కొక్కరే మా వ్యాన్‌ని దాటుతూ, వెనక అద్దంలోంచి లోపల కట్టి ఉన్న బండిని చూసి, ఎడమ చెయ్యి పక్కకి చాచారు. బండివాళ్ళ పలకరింపు అది. కుడి చెయ్యి పిడి వదలకూడదు కనుక ఎప్పుడూ ఎడమ చేత్తోనే.

బెక్తాస్ కిటికీ అద్దం దించాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా బయటపెట్టి, ఉన్న రెండు వేళ్ళూ విప్పి, గాలిలో పట్టుకున్నాడు. ఆఖరి బండి దాటిపోయాక కూడా లోపలికి తీసుకోలేదు. తల్గార్ దాకా అలాగే వచ్చాం.